కొత్తవాళ్ళకు క్రీస్తు గురించి చెప్పాలంటే నోరు పెగలడం లేదా? ఇలా మొదలుపెట్టండి

"అక్కా, నల్లగొండలో ఎక్కి దేవరకొండలో దిగేదాకా ఆమె నా పక్కనే ఉన్నది. సంచిలో కరపత్రాలున్నయి. నోరు మాత్రం తెరుచుకోలే." మా సంఘంలో ఇంటర్ చదివే అమ్మాయి ఈ మాట చెప్పి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కొత్తవాళ్ళతో క్రీస్తు మాట ఎత్తాలంటే ఈ భయం ఎలా పోతుంది? ఇదే ప్రశ్నను కాస్త అటూ ఇటూ మార్చి నన్ను అడగనివాళ్ళు తక్కువ. మొన్నటికి మొన్న ఒక పెద్దాయన, ఎన్నో ఏళ్ళుగా ఒక్క ఆదివారం కూడా మందిరం మానని మనిషి, పక్కకు పిలిచి గొంతు తగ్గించి ఇదే అడిగాడు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసిపెడుతున్నాను.

నేను పాస్టరమ్మను కాదు. మిర్యాలగూడలో జాకెట్లు కుడతాను, ఆదివారం పిల్లలకు బైబిలు కథలు చెబుతాను. కొత్తవాళ్ళతో ఈ మాట ఎత్తాలంటే నాకు ఇప్పటికీ అరచేతులు చెమటలు పడతాయి. కాబట్టి భయం మొత్తం పోగొట్టే మందు కోసం చదువుతుంటే ఇక్కడ దొరకదు. పనిని చిన్నది చేసుకుంటే భయం కూడా చిన్నదవుతుంది, నాకు తెలిసింది అంతే. ఎదుటి మనిషిని మార్చడం మీ పని కాదు. ఆమె ఎవరో తెలుసుకోవాలి, ఆమె సరేనంటే మీకు జరిగింది ఒకటి చెప్పాలి, వద్దంటే ఆపేయాలి. మీ పని అక్కడితో అయిపోతుంది.

భయమేస్తోందంటే విశ్వాసం లేదని ఎవరైనా అంటే పట్టించుకోకండి. చలిమంట దగ్గర ఒక పనిపిల్ల అడిగితేనే పేతురు తడబడ్డాడు. కొరింథుకు భయంతో వణుకుతూ వచ్చానని పౌలే తన ఉత్తరంలో రాసుకున్నాడు. సిద్ధాంతం ఇక చాలు, పనిలోకి వెళ్దాం.

కావలసినవి

- ఒక చిన్న నోటుబుక్కు, పెన్ను.
- మాటలు రికార్డు చేసుకోవడానికి ఫోను.
- మిమ్మల్ని మొహమాటం లేకుండా తప్పుపట్టే తోడు ఒకరు. చెల్లి అయినా సరే, భర్త అయినా సరే. ఏం చెప్పినా "చాలా బాగుంది" అనేవాళ్ళు పనికిరారు.
- మార్కు సువార్తో లూకా సువార్తో విడిగా అచ్చయిన చిన్న పుస్తకాలు రెండు. మొత్తం బైబిలు చేతిలో పెడితే కొత్తవాళ్ళు ఆదికాండంతో మొదలుపెట్టి లేవీయకాండం దగ్గర ఆగిపోతారు.
- నీళ్ళ సీసా. భయానికి మొదట ఎండేది నోరే.

కరపత్రాలు ఈ జాబితాలో లేవు. మొదటి నెల వాటిని ఇంట్లోనే పెట్టండి. ఎందుకో కింద చెబుతాను.

1. మీ భయం ఏదో కాగితం మీద పెట్టండి

"భయమేస్తోంది" అని రాస్తే సరిపోదు. దేనికి? నేను అడిగిన వాళ్ళు చెప్పినవన్నీ కలిపితే దాదాపు నాలుగు రకాలే తేలాయి.

తిడతారేమో అనేది ఒకటి. తెలియని ప్రశ్న అడుగుతారేమో అనేది రెండోది. గొడవై పోలీస్ స్టేషన్ దాకా పోతుందేమో అనేది మూడోది. ఈ మూడింటికీ కింద దారులున్నాయి.

నాలుగోదాన్ని మందిరంలో ఎవరూ గట్టిగా అనరు. మన దిక్కున "మేం క్రైస్తవులం" అనగానే అవతలి మనిషి మతాన్ని వినదు, కులాన్ని వింటుంది. మన కళ్ళముందే ముఖం మారుతుంది. చాయ్ గ్లాసు వేరే వస్తుందేమో, అద్దె ఇల్లు లేదంటారేమో, ఆఫీసులో గుసగుసలు మొదలవుతాయేమో. కొందరికి అసలు భయం ఇదే. దీన్ని దాచుకుని "నాకు వాక్యం సరిగ్గా రాదండీ" అని సాకు చెబుతారు. ఇలాంటి భయం ఉంటే ముందు ఒప్పుకోండి. అందులో మీ తప్పేమీ లేదు, తప్పు అలా చూసేవాళ్ళది. దీనికి నా దగ్గరున్న ఉపాయం ఒక్కటే: ఆ మాట చివరికి వాళ్ళంతట వాళ్ళు కనిపెట్టేలా ఉంచకండి, మొదట్లోనే మామూలుగా అనేయండి. "ఆదివారం నేను చర్చికి పోత, కొట్టు తెరవను" అని నా దగ్గరికి వచ్చే ప్రతి కొత్త మనిషికీ జాకెట్ కొలత తీసేటప్పుడే చెబుతాను. మొహం మార్చుకునేవాళ్ళు అప్పుడే మార్చుకుంటారు. మిగిలినవాళ్ళు బట్ట ఇచ్చి పోతారు. ఎప్పుడు బయటపడుతుందో అన్న టెన్షన్ మాత్రం ఉండదు.

2. మొదటి వారం దేవుడి మాట ఎత్తకండి

చదివేవాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. కానీ మనలో చాలామందికి సువార్త చెప్పడం కంటే ముందు, కొత్త మనిషితో మాట కలపడమే రాదు. ఫోను చూసుకుంటూ కూర్చోవడం అలవాటైపోయింది.

రోజుకు ఒక కొత్త మనిషితో రెండు నిమిషాలు మాట్లాడండి. అంతే. పల్లెవెలుగు బస్సు దీనికి మంచి బడి. 2023 డిసెంబరు 9న ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం మొదలైనప్పటి నుంచి సీటు దొరకడం కష్టమైంది గానీ మాట కలపడం తేలికైంది. సంచి జరిపి చోటిస్తే చాలు.

"ఏ ఊరు పెద్దమ్మా మీది?" "మీ దిక్కు వానలు పడ్డయా?" "పత్తి ఏరుడు అయిపోయిందా?" ఇలాంటివి చాలు. పాలమూరు దిక్కయితే "పిల్లలు ఇక్కడే ఉంటరా, పట్నంల పని చేస్తరా?" అని అడగండి. వలస పోని ఇల్లు తక్కువ, ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ పొడుగ్గానే వస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఆడవాళ్ళు ఆడవాళ్ళతో, మగవాళ్ళు మగవాళ్ళతో మాట్లాడటమే మంచిది. ఒంటరిగా ఉన్న అమ్మాయి దగ్గరికి అబ్బాయి వెళ్ళి "రెండు నిమిషాలు మాట్లాడొచ్చా" అంటే ఆ తర్వాత ఏం చెప్పినా ఆ అమ్మాయికి వినిపించదు.

3. మీకు జరిగింది రెండు నిమిషాల్లో చెప్పగలిగేలా రాసుకోండి

మూడు ముక్కలు. ముందు మీరు ఎలా ఉండేవాళ్ళు, ఏం జరిగింది, ఇప్పుడు ఏం మారింది. మీకు జరిగిందే రాయండి, మందిరంలో ఎవరో చెప్పగా విన్నది వద్దు. యోహాను సువార్త 9వ అధ్యాయంలో చూపు వచ్చిన గుడ్డివాణ్ణి పెద్దలు నిలదీస్తారు. అడిగినవాటిలో కొన్నింటికి అతని దగ్గర జవాబు లేదు. తనకు తెలిసిన ఒక్కటే చెప్పాడు: గుడ్డివాడిగా ఉన్నాను, ఇప్పుడు చూస్తున్నాను. మీకూ అంతే చాలు.

గొప్ప అద్భుతం ఏదీ జరగలేదా? పర్లేదు. నాది కూడా అలాంటిదే. మా ఆయన చనిపోయిన ఏడాది రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు, అత్తింటి వాళ్ళ మీద కోపం కడుపులో రాయిలా ఉండేది. ప్రార్థన చేయడం మొదలుపెట్టిన కొన్ని నెలలకు ఆ రాయి కరిగింది, మా అత్తమ్మతో మళ్ళీ మాట్లాడాను. నా సాక్ష్యం ఇంతే. ఇది విని "మాకూ గిట్లనే ఉన్నది" అన్నవాళ్ళు చాలామందే ఉన్నారు.

రాసుకున్నాక అందులోంచి మందిరం భాష తీసేయండి. ఈ పని మీద ఒక సాయంత్రమంతా కూర్చున్నా నష్టం లేదు. మనకు అలవాటైన మాటలు బయటివాళ్ళ చెవిలో వేరేగా పడతాయి:

- సాక్ష్యం: వాళ్ళకు కోర్టు గుర్తొస్తుంది. "నాకు జరిగింది చెప్త" అనండి.
- రక్షణ: వాళ్ళకు పోలీసు బందోబస్తు. "దేవుడు నన్ను క్షమించిండు, దగ్గరికి తీసుకున్నడు" అని విడమరచి చెప్పండి.
- కూడిక: బళ్ళో చదివే పిల్లను అడగండి, కూడికలు తీసివేతలు అంటుంది. "ప్రార్థనకు కలుసుకుంటం" అనండి.
- మారుమనస్సు: మతం మార్పిడి అనుకుంటారు. "తప్పు ఒప్పుకుని దారి మార్చుకున్న" అనండి.
- అన్యులు: ఈ మాట నోట్లోంచే తీసేయండి. అవతలి మనిషి చెవిన పడితే ఇక మీతో మాట్లాడరు, మాట్లాడక్కర్లేదు కూడా. నా మటుకు ఇది మందిరంలో కూడా అనకూడని మాట. పక్కింటి పెద్దమ్మను పట్టుకుని అన్యురాలు అంటామా?
- పాపివి: "నువ్వు" అనే చోట "నేను" పెట్టండి. నా తప్పు నేను చెప్పుకుంటే ఎవరికీ కోపం రాదు.

ఇప్పుడు ఫోన్లో రికార్డు చేసి వినండి. గొంతు మారి, పాస్టరు గారి ప్రసంగంలా సాగుతోందా? అయితే మళ్ళీ చెప్పండి. చెల్లెలికి ఫోన్లో చెప్పినట్టు వచ్చేదాకా ఇలాగే చేయండి.

4. తోడు మనిషితో సాధన చేయండి

మూడు సార్లు. మొదటిసారి ఆమె ఆసక్తిగా వినాలి. రెండోసారి మధ్యలో ఫోను ఎత్తి మాట్లాడాలి, కిటికీలోంచి బయటికి చూడాలి. మూడోసారి "మాకు మా దేవుళ్ళున్నరు, నీది నీ దగ్గర పెట్టుకో" అని కసరాలి. మూడోదానికి మీరు చెప్పాల్సింది ఒక్కటే: "సరే పెద్దమ్మా, ఏమనుకోకండి." నవ్వు మొహంతో అని, మళ్ళీ వానల సంగతికి రావాలి. ఆ ఒక్క వాక్యం పదిసార్లు పలికి నోటికి అలవాటైతే, తిడతారేమో అన్న మొదటి భయం సగం పోతుంది. తిడితే ఏం చేయాలో మీకు ముందే తెలుసు కదా.

5. చోటు చూసుకోండి

పనికొచ్చేవి: బస్సు, రైలు ప్రయాణం, దవాఖాన బయట వరండా, రేషన్ షాపు లైను, పొద్దుటి వాకింగ్, చాయ్ బండి. మీ కొట్టుకో పనిచోటుకో వచ్చేవాళ్ళయితే మళ్ళీ మళ్ళీ కలుస్తారు, అది అన్నిటికంటే మేలు.

పనికిరానివి: గుడి, మసీదు, దర్గా చుట్టుపక్కల. యాదగిరిగుట్ట మెట్ల దగ్గర, చెరువుగట్టు జాతరలో, మన్నెంకొండలో, కురుమూర్తిలో ఈ పని చేయకండి. మన క్రిస్మస్ ఆరాధనకు ఎవరో వచ్చి వేరే మతం పుస్తకాలు పంచితే మనకెలా ఉంటుంది? పైగా ప్రార్థనా స్థలాల్లో వేరే మత ప్రచారం చేయకూడదని 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టమే వచ్చింది. బోనాల రోజు, బతుకమ్మ ఆడే చోట కూడా వద్దు. సర్కారు బడుల్లో అసలే వద్దు. తల్లిదండ్రులు పక్కన లేకుండా పిల్లలతో ఈ మాట ఎత్తకండి, చాక్లెట్లు ఇచ్చి ఎత్తడం ఇంకా తప్పు.

చావింట్లో, ఆసుపత్రి మంచం పక్కన కూడా నేను మాట్లాడను. అక్కడ అన్నం క్యారియర్ పట్టుకుపోతాను, మందులు తెచ్చిపెడతాను. నొప్పితో పడుకున్న మనిషి లేచిపోలేదు, వద్దని గట్టిగా అనలేదు. లేచిపోలేని మనిషికి చెప్పడం నాకు నచ్చదు. దీని మీద మా పాస్టరు గారికీ నాకూ కాస్త తేడా ఉంది, అది వేరే సంగతి.

6. అడిగి మొదలుపెట్టండి

మీకు గుర్తుండాల్సింది ఈ అంచెలో ఉంది.

మాట మధ్యలో బాధ ఏదో వస్తుంది. కొడుకు తాగుడు, కోడలి పోరు, ఎండిన బోరు, పంట మీద అప్పు. వెంటనే అందుకోకండి. ముందు పూర్తిగా వినండి, రెండు ప్రశ్నలు అడగండి. తర్వాత:

"పెద్దమ్మా, గిట్లాంటి కష్టంలో నాకు ఒకటి జరిగింది. చెప్పనా? నేను యేసయ్యను నమ్ముత, దాని గురించే. వద్దంటే ఏం పర్లేదు."

ఈ మాటల్లో మూడు పనులున్నాయి. మీరెవరో ముందే చెప్పేశారు, దాపరికం లేదు. విషయం ఏమిటో చెప్పారు. వద్దనే తలుపు తెరిచే పెట్టారు. ఆ తలుపు తెరిచి ఉంటే అవతలి మనిషికే కాదు, మీకూ భయం తగ్గుతుంది. గుండె దడదడమంటుంటే, అడిగే ముందు ఒకసారి నెమ్మదిగా ఊపిరి వదలండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. ఎవరికీ కనిపించదు.

ఆమె "చెప్పు బిడ్డా" అంటే రెండు నిమిషాలు చెప్పండి. ఊ కొట్టి ఊరుకుంటే అది సరే అన్నట్టు కాదు. మొహమాటానికి కాదనలేని మనుషులం మనం. అప్పుడు మాట మార్చేయండి.

7. చెప్పి ఆగిపోండి

రెండు నిమిషాలు అయ్యాక నోరు మూసుకోవడం మొదలుపెట్టడం కంటే కష్టం. ధైర్యం వచ్చేసరికి బండి ఆగదు. ఆదాము నుంచి ప్రకటన గ్రంథం దాకా పోతాం. నీళ్ళు తాగండి, సీసా అందుకే. ఆమె ఏం అంటుందో వినండి. ఏమీ అనకపోతే అది కూడా జవాబే.

ప్రార్థన చేస్తానంటే కూడా అడిగే చేయండి. "మీ కొడుకు కోసం ఇప్పుడు ఒక్క మాట ప్రార్థన చెయ్యనా, ఇంటికి పోయి చెయ్యనా?" చాలామంది "ఇంటికాడ చెయ్యి బిడ్డా" అంటారు. ఇంటికి పోయి నిజంగా చేయండి. తల మీద చేయి పెట్టకండి, బస్సులో గొంతెత్తకండి.

పుస్తకం వాళ్ళు అడిగితేనే ఇవ్వండి. ఇప్పుడు కరపత్రాల సంగతి. కొత్తలో నేను మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల పోతూ పక్క సీటు ముసలమ్మకు ఒక కరపత్రం చేతిలో పెట్టాను. పేరు అడగలేదు, ఎక్కడికి పోతోందో అడగలేదు. పెట్టేసి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను, పని అయిపోయిందన్న సంతోషం. ఆమె దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. చదువు రాదు. చక్కగా మడతపెట్టి, పొట్లంలా చుట్టి, ఉడకేసిన పల్లికాయ ఒలిచి పొట్టు అందులో వేసుకుంటూ పోయింది. గింజలు నాకూ నాలుగు పెట్టింది. దిగేటప్పుడు "నీ పేరేంది బిడ్డా?" అని అడిగింది. నేను అడగాల్సిన ప్రశ్న అది. జడ్చర్ల మిషన్ దవాఖానలో ఉన్న మనవరాలిని చూడ్డానికి పోతోందని అప్పుడు తెలిసింది. ఆమె కోపంతో చేయలేదు, కాగితం పనికొచ్చింది వాడుకుంది. నేనే మాట్లాడే ధైర్యం లేక కాగితాన్ని ముందుకు తోశాను. అందుకే మొదటి నెల వాటిని ఇంట్లో పెట్టమన్నాను.

8. వచ్చే ప్రశ్నలకు ముందే సిద్ధం కండి

కష్టమైన ప్రశ్నలంటే దేవుడు ముగ్గురెలా ఒక్కడయ్యాడు లాంటివి వస్తాయని అందరూ బెంగపడతారు. నన్ను బస్సులో ఎవరూ అది అడగలేదు. అడిగేవి ఇవి:

*"మతం మారితే ఎంతిస్తరు?"* నవ్వుతూనే నిజం చెప్పండి. "ఏమియ్యరు పెద్దమ్మా, నేనే కానుక ఏస్త." మీ సంఘంలో బియ్యమో బట్టలో పంచే కార్యక్రమం ఉంటే దాన్ని ఈ మాటకు ఎప్పుడూ ముడిపెట్టకండి.

*"రిజర్వేషన్ పోతదా?"* దీన్ని దాటవేయడం మోసం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వాళ్ళకే ఎస్సీ హోదా. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తారు, అందులో రిజర్వేషన్ 1 శాతం. ఎస్టీ హోదాకు మతంతో సంబంధం లేదు, కాబట్టి దేవరకొండ తండాల్లో లంబాడీ అక్క అడిగితే జవాబు వేరు. "కాగితం మీద మార్చక్కర్లేదు, ఎవరికీ తెలవదు" అని మాత్రం చెప్పకండి. అబద్ధంతో మొదలుపెట్టి సత్యం గురించి ఏం చెబుతాం?

*"తెల్లోళ్ళ మతం కదా?"* నల్లగొండలో తొలి మిషనరీలుగా పనిచేసిన అబ్రహాం, మరియా ఫ్రీసెన్ దంపతులు 1889లో రష్యా నుంచి బయల్దేరి వచ్చిన మెన్నోనైట్ బ్రదరెన్ అనే క్రైస్తవ శాఖ వాళ్ళు. అది నిజమే, దాచొద్దు. కేరళలో సిరియన్ క్రైస్తవులు యూరప్ ఓడలు రాకముందు నుంచీ ఉన్నారన్నది కూడా నిజమే. యేసు పుట్టింది ఆసియాలో. ఒక్కటి చెప్పి ఊరుకోండి, చరిత్ర పాఠం వద్దు.

*"బొట్టు తీసెయ్యాల్నా? పండుగలు చెయ్యొద్దా?"* ఇది సంఘాన్ని బట్టి మారుతుంది. మీ ఇంట్లో ఎలా ఉందో అది చెప్పండి.

*"ప్రార్థన చేస్తే షుగర్ తగ్గుతదా?"* మందులు మానొద్దని ముందు చెప్పండి. రెండుసార్లు చెప్పండి. స్వస్థత మాట ఇవ్వడానికి మీరెవరు, నేనెవరిని?

తెలియనిదానికి "నాకు తెల్వదు, కనుక్కుని చెప్త" అనండి. రెండో భయానికి మందు ఈ వాక్యమే.

9. గొడవ మొదలైతే

మూడో భయం. ఇది ఊరికే వచ్చింది కాదు, ఈ మధ్య ఎక్కడెక్కడో జరిగినవన్నీ ఫోన్లో చూస్తూనే ఉన్నాం.

రాజ్యాంగం 25వ అధికరణం మత ప్రచారానికి హక్కు ఇచ్చింది, ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి. అయితే 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది: మన మతం ఏమిటో వివరించే హక్కు ఉంది, ఇంకొకరిని మార్చే హక్కు లేదు. పై అంచెలు పాటిస్తే మీరు ఆ గీతకు ఇవతలే ఉంటారు. వేరేవాళ్ళ దేవుళ్ళను ఉద్దేశపూర్వకంగా కించపరిస్తే భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు పడొచ్చు. ఆ మాటకొస్తే చట్టం లేకపోయినా విగ్రహాల గురించి వెటకారం ఎందుకు?

నలుగురు చుట్టూ చేరి "ఏం చేస్తున్నరు ఇక్కడ?" అంటే హక్కుల మాట ఎత్తకండి. "మాట్లాడుకుంటున్నం అన్నా, పోతున్నం" అని లేవండి. ఫోను తీసి వీడియో తీయకండి. మీతో మాట్లాడిన మనిషిని వెనకేసుకు రావడం మర్చిపోకండి: "ఆమెకు సంబంధం లేదు, నేనే మాట్లాడిన." నాలుగడుగులు వేసి జనం ఉన్న చోటికి చేరాక తోడు మనిషికి ఫోన్ చేయండి. చేయి చేసుకుంటే 112. అదే వారం అదే చోటికి పంతంతో మళ్ళీ పోకండి.

ఎక్కువగా జరిగే తప్పులు

గుంపుగా పోవడం. ఐదుగురు మైకు పట్టుకుని క్లాక్ టవర్ దగ్గర నిలబడితే భయం తెలియదు నిజమే, కానీ వినేవాళ్ళకు ఒక మనిషి కూడా కనిపించదు. ఇద్దరు చాలు.

లెక్క పెట్టడం. "ఇవ్వాళ ఇరవై మందికి చెప్పిన" అని వాట్సాప్‌లో పెట్టడం, వాళ్ళతో సెల్ఫీలు. మీతో బాధ చెప్పుకున్న మనిషి ఫోటో సంఘం గ్రూపులో తిరగడం ఆమెకు తెలిస్తే ఏమనుకుంటుంది?

మొదటిరోజే మందిరానికి పిలవడం. దీనికి తొందర లేదు.

మాట రాని రోజు రాత్రంతా తనను తాను తిట్టుకోవడం. ఆ ఇంటర్ అమ్మాయి చేసింది ఇదే. తిట్టుకున్నకొద్దీ తర్వాతి బస్సులో భయం ఇంకా పెరుగుతుంది. ఆరోజు సీటు జరిపి చోటిచ్చారా? నోటుబుక్కులో అది రాయండి.

సరిగ్గా జరిగిందా, ఎలా తెలుస్తుంది?

ఇంటికి వచ్చాక నోటుబుక్కులో నాలుగు ప్రశ్నలకు జవాబు రాయండి. వాళ్ళ వివరాలు రాయొద్దు, మీ గురించే.

- ఆమె పేరు నాకు తెలుసా?
- ఎవరు ఎక్కువ మాట్లాడారు? నేనైతే తప్పు.
- నేను అడిగి మొదలుపెట్టానా? వద్దన్నప్పుడు ఆగానా?
- రేపు అదే బస్సులో కనిపిస్తే ఆమె నన్ను పలకరిస్తుందా, తల తిప్పుకుంటుందా?

నాలుగోదే గట్టి పరీక్ష. ఆమె నమ్మిందా లేదా అనే గడి నా నోటుబుక్కులో లేదు, మీరూ పెట్టకండి. నెల తర్వాత మొదటి పేజీ తీసి, అక్కడ రాసిన భయం పక్కన ఇప్పుడెంత ఉందో పదికి అంకె వేయండి. నాది తొమ్మిది నుంచి ఆరుకు వచ్చింది, అక్కడే ఆగింది. ఆరుతో పని జరుగుతోంది.

అయినా నోరు రాకపోతే

కొందరికి రాదు, వాళ్ళను బలవంతపెట్టొద్దు. నాకు తెలిసిన ఒకావిడ కొత్తవాళ్ళతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఎండాకాలం వస్తే ఇంటి ముందు చలివేంద్రం పెడుతుంది, రోజూ కుండలు కడిగి నింపుతుంది. ఎందుకు పెట్టావమ్మా అని ఎవరైనా అడిగితే ఒక్క వాక్యం చెబుతుంది. అడిగేవాళ్ళు ఏడాదికి ముగ్గురో నలుగురో. ఇంకో అన్న ఉత్తరాలు రాస్తాడు. మీ తోడు మనిషి మాట్లాడుతుంటే పక్కన కూర్చుని వాళ్ళ పిల్లను ఎత్తుకున్నా సరే.

మొదటి వారం రేపే మొదలుపెట్టేట్టయితే, బస్సు ఎక్కగానే ఫోను సంచి అడుగున వేసేయండి. పక్కన పెద్దమ్మ ఎవరైనా వస్తే కిటికీ సీటు ఆమెకివ్వండి. ఏ ఊరో అడగండి.